పాత పద్మినిని కిందికి దించాలంటే

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. మా నాయిన 1993ల కొన్న ప్రీమియర్ పద్మిని ఇంకా మా ఇంట్లనే ఉంది. పెట్రోల్ బండి, 14 అంగుళాల రిమ్ములు. రోజూ నక్కలగుట్ట నుంచి వరంగల్ చౌరస్తా దాంక దాని మీదనే డ్యూటీకి పోతున్న. ఆదివారం అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు కూడ ఎక్కుతరు. బండి కొంచెం కిందికి కూసున్నట్టు ఉంటే బాగుంటదని మనసు పడ్డ. తెలిసిన మెకానిక్ "ముందు స్ప్రింగులు గ్యాస్ కట్టర్‌తోని రెండు చుట్లు కోస్త, ఎనుక కమాన్ కట్టల రెండేసి పట్టీలు తీస్త, మూడు వేలల్ల అయిపోతది" అంటున్నడు. నా దగ్గర 15 వేలున్నయి. చేయించాల్నా, వద్దా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: తమ్ముడూ, ఆ పని మాత్రం చేయించకండి. పాత బండిని కొంచెం దించాలనుకోవడంలో తప్పేమీ లేదు. తప్పంతా ఆ రెండు చుట్లు, రెండు పట్టీల లెక్కలో ఉంది. అదెందుకు తప్పో తెలిస్తే మిగతా పని ఎలా చేయించుకోవాలో మీకే సగం అర్థమవుతుంది.

పద్మిని ముందు చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే ఇనుప చేతులు రెండు, పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉంటాయి. కాయిల్ స్ప్రింగు సరిగ్గా చక్రం దగ్గర నిలబడదు, లోపలికి జరిగి కూర్చుంటుంది. తలుపు బందు దగ్గర వేలెడు కదిలితే కొస దగ్గర జానెడు కదులుతుంది కదా, ఆర్మ్ కూడా అంతే. స్ప్రింగు దగ్గర తగ్గించిన ఎత్తు చక్రం దగ్గరికి వచ్చేసరికి పెరుగుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు స్ప్రింగు ఎత్తు 210 మి.మీ., అందులో పనిచేసే చుట్లు 7 అనుకోండి. ఒక్కో చుట్టు వాటా 30 మి.మీ. ఆర్మ్ లోపలి బోల్టు నుంచి స్ప్రింగు నడిమి దాకా 150 మి.మీ., బయటి కీలు దాకా 300 మి.మీ. అనుకోండి. ఒక చుట్టు కోస్తే స్ప్రింగు దగ్గర తగ్గే 30 చక్రం దగ్గర 60 అవుతుంది. రెండు చుట్లు కోస్తే 120 మి.మీ. అంత దిగడానికి కింద చోటే ఉండదు. దానికి చాలా ముందే ఆర్మ్ పోయి రబ్బర్ స్టాపర్ మీద కూర్చుంటుంది. అప్పటి నుంచి మీ బండిని మోసేది స్ప్రింగు కాదు, ఆ రబ్బరు ముక్క. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవి. మీ బండివి టేపు పెట్టి కొలుచుకోండి, లెక్క మాత్రం ఇదే.

ఇంకో సంగతి. చుట్లు తగ్గిన కొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. ఏడు చుట్లు అయిదైతే 40 శాతం గట్టిపడ్డట్టు. ఆ గట్టి స్ప్రింగును పాత షాకబ్జర్లు ఆపలేవు, బండి గుంతగుంతకూ ఎగురుతుంది. పైగా గ్యాస్ మంట. స్ప్రింగు ఉక్కుకు ఫ్యాక్టరీలో పట్టిన పానం, అంటే వేడి చేసి చల్లార్చి ఇచ్చిన గట్టిదనం, మంట తగిలిన చోట పోతుంది. అక్కడ కొంత మెత్తబడుతుంది, కొంత పెళుసుబారుతుంది. కొన్ని నెలలకు ఒక పక్క కుంగడం, కోసిన దగ్గర విరగడం ఇందువల్లే. కోయకుండా స్ప్రింగును వేడి చేసి కుంగబెట్టేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా అధ్వానం.

ఇక వెనుక కమాన్ కట్టలు, అంటే వంపు ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు. ఆ కట్ట బరువు మోయడంతో సరిపెట్టుకోదు, యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ పక్కకూ కదలకుండా పట్టుకునేది కూడా అదే. రెండు పట్టీలు తీస్తే ఆ బరువంతా మిగతా వాటి మీద, ముఖ్యంగా కొసల్లో బోల్టు పట్టే కళ్లు చుట్టిన మొదటి పట్టీ మీద పడుతుంది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు కట్ట పాములా మెలితిరిగి యాక్సిల్ నడుమ గేర్లుండే డిఫరెన్షియల్ మూతి పైకీ కిందికీ ఊగుతుంది. మొదటి పట్టీ విరిగిందంటే యాక్సిల్ ఒక పక్క వెనక్కి జారుతుంది. అమ్మ, పిల్లలు కూర్చునే సీటు సరిగ్గా దాని మీదే ఉంటుంది. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెప్తున్నాం.

మరి ఎంత దించొచ్చు? రోజూ నడిపే బండికి ఒక అంగుళం, అంటే 25 మి.మీ. అంతకు మించి వద్దు. మీరు నిజంగా ఖర్చు పెట్టేది చక్రం పైకి కదలడానికి ఉన్న చోటును. దించిన ప్రతి మిల్లీమీటరూ ఆ చోటులోంచే పోతుంది.

రోడ్డు వైపు నుంచి కూడా చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. పద్మిని ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2.34 మీటర్లు. అలాంటి బ్రేకర్ నడిమికి వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి కాబట్టి బండి కడుపు కింద పొడుచుకొచ్చేది 40 మి.మీ. మాత్రమే. కానీ మన కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న బ్రేకర్లు మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు ఉంటాయి. వాటి మీద చక్రం దిగిపోయాక ఆ ఎత్తంతా ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ కిందికే వస్తుంది. మీరు రోజూ పోయే దారిలో అన్నిటికన్నా ఎత్తైనది ఏదో మీకు తెలిసే ఉంటుంది. పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు దాన్ని కొలవండి. తరువాత ఇంట్లో బండి కింద అన్నిటికన్నా కిందికి వేలాడేది ఏదో చూసి, నేల నుంచి దాని ఎత్తు కొలవండి. ఆయిల్ చాంబరో, సైలెన్సర్ పైపో అయి ఉంటుంది. అది సైలెన్సరే అయితే హ్యాంగర్ రబ్బర్లు మార్చి పైకి కట్టించడమే చవకైన మొదటి పని.

వానాకాలం మాట కూడా చెప్పాలి. 2023 జూలై వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఏమైందో మీరు చూసే ఉంటారు. అంగుళం దిగిన బండికి నీళ్లు అంగుళం ముందే అందుతాయి. ఫ్యాను నీళ్లను, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీదికి చిమ్మితే ఇంజన్ అక్కడే ఆగిపోతుంది. ముప్పై ఏళ్ల బండితో అండర్ బ్రిడ్జి నీళ్లలోకి దిగే అలవాటు ఉంటే మానుకోండి.

పని మొదలుపెట్టే ముందు ఒక గంట కూర్చుని కొలతలు రాసుకోండి. సమతలమైన చోట బండి ఆపి, టైర్లలో గాలి సరిచేసి, బండిని నాలుగడుగులు ముందుకూ వెనక్కూ తోసి వదలండి. చక్రం నడిమి బిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు మూలలా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు తేడా కలుస్తుంది, కాబట్టి ఈ కొలతే నమ్మదగినది. తరువాత ముందు ఆర్మ్‌కూ స్టాపర్‌కూ, వెనుక యాక్సిల్‌కూ స్టాపర్‌కూ మధ్య ఖాళీ కొలవండి. ఇప్పుడు ఇంట్లో అందరినీ ఎక్కించి, డిక్కీలో మేడారం పోయేటప్పుడు పెట్టుకునేంత సామాను పెట్టి మళ్లీ అన్నీ కొలవండి. ఖాళీ బండికి వెనుక 80 మి.మీ. ఉండి, బరువుతో 45 మిగిలిందంటే, అంగుళం దించాక మీకు దక్కేది 20 మి.మీ. మా దృష్టిలో అదే ఆఖరి హద్దు. 20 కన్నా తక్కువ మిగిలేటట్టుంటే దించకండి.

ఈ కొలతల్లో ఇంకో సంగతి బయటపడొచ్చు. ముప్పై ఏళ్లు మోసిన స్ప్రింగులూ కట్టలూ తమంతట తామే కుంగుతాయి. సాధారణంగా డ్రైవర్ పక్క ఎక్కువ. ఎడమకూ కుడికీ 10 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉన్నా, కమాన్ కట్ట విల్లులా కాకుండా బద్దలా కనిపిస్తున్నా మీ బండి ఇప్పటికే దిగిపోయి ఉంది. దాన్ని ఇంకా దించడం కాదు, ముందు సరిచేయించాలి.

డబ్బు విషయం. మీ 15 వేలలో సగానికి పైగా షాకబ్జర్లకూ, కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులైన బుష్‌లకూ తీసి పక్కన పెట్టండి. అది చూడటానికి కనిపించని ఖర్చు, కానీ బండి నడిచే తీరు మారేది దానితోనే. ఒక మూల గట్టిగా రెండు మూడుసార్లు నొక్కి వదలండి. ఒక్కసారి పైకి లేచి నిలబడితే షాకబ్జర్ బాగుంది. రెండు మూడుసార్లు ఊగినా, ఒంటి మీద నూనె కారిన జాడ ఉన్నా అయిపోయినట్టే. ముందువైతే ముందు రెండూ, వెనుకవైతే వెనుక రెండూ జతగా మార్చండి. ఒక అంగుళానికి కంపెనీ కొలతవే చాలు, పొట్టివి వెతకక్కర్లేదు. వరంగల్‌లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడగండి. ముందు ఆర్మ్ బుష్‌లు, కట్టల కళ్లలోని బుష్‌లు, కట్ట కొసను బాడీకి కలిపే షాకిల్ బుష్‌లు పగిలి ఉంటే మార్పించండి. చక్రం పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక ఆడుతుంటే స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే ఇరుసులైన కింగ్ పిన్ల సంగతి మొదట చూడాలి. ఆట ఉన్న కింగ్ పిన్ల మీద ఏ అలైన్‌మెంటూ నిలవదు.

బుష్‌లు వేసేటప్పుడు ఎక్కువ షెడ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. రబ్బర్ బుష్ ఉన్న బోల్టును చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడుతుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది, బండి కూడా ఉండాల్సినదానికన్నా ఎత్తుగా నిలబడుతుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండి దించి, నాలుగడుగులు తోసి, బరువు టైర్ల మీద ఉన్నప్పుడే బిగించాలి. దగ్గర నిలబడి చేయించుకోండి.

ఇదంతా అయ్యాక వారం పది రోజులు బండి నడపండి. చాలామందికి ఇక్కడే మనసు నిండుతుంది. వాళ్లకు కావలసింది నిజానికి ఎత్తు తగ్గడం కాదు, బండి ఊగకుండా నేలను పట్టుకుని పోవడం. ఇంకా దించాలనిపిస్తే వెనుక నుంచి మొదలుపెట్టండి, అది తేలిక.

వెనుకకు లోయరింగ్ బ్లాక్ అనే ఉక్కు దిమ్మె చాలు. మొదట వెనుక కట్ట యాక్సిల్‌కు కింద ఉందని కళ్లారా చూసుకోండి. కింద ఉంటేనే కట్టకూ యాక్సిల్‌కూ మధ్య దిమ్మె పెడితే బండి దిగుతుంది. దిమ్మె 25 మి.మీ. మందం గల ఒకే ముక్క ఉక్కు బార్‌తో, లేత్ షాపులో చేయించాలి. చెక్క, పైపు ముక్క, రేకులు పేర్చి వెల్డింగ్ చేసినవి వద్దు. వెడల్పు కమాన్ పట్టీకి, పొడవు యాక్సిల్ మీది సీటుకు తగ్గకూడదు. ఇప్పుడు కట్ట సెంటర్ బోల్ట్ తల యాక్సిల్ సీటు రంధ్రంలో కూర్చుని ఉంటుంది. యాక్సిల్‌ను చోటు తప్పకుండా ఉంచేది అదే. కాబట్టి దిమ్మె కింద ఆ తల పట్టే రంధ్రం, పైన సీటు రంధ్రంలోకి పోయే పిన్ను ఉండాలి. రెండూ బిగువుగా కూర్చోవాలి, ఆట ఉండకూడదు. దిమ్మె పైముఖం, కిందిముఖం సమాంతరంగా ఉండాలి. కొంచెం వాలు ఉన్నా డిఫరెన్షియల్ మూతి తిరిగి, వేగం పెరిగాక ఇంజన్ బలాన్ని వెనక్కి చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ గరగరమంటుంది.

కట్టను యాక్సిల్‌కు కట్టి ఉంచే పాత యూ బోల్టులు పనికిరావు. మందం అంతే ఉంచి, కాళ్లు 25 మి.మీ. పొడుగున్న కొత్తవి నాలుగు కావాలి. ఆటోనగర్‌లో లారీల కమాన్ పని చేసే దుకాణాల్లో కొలత చెప్తే వంచి ఇస్తారు. హై టెన్సైల్ రాడ్‌తోనే చేయమని గట్టిగా చెప్పండి. పాత వాటికి ముక్క అతికించి వెల్డింగ్ చేస్తామంటే అక్కడి నుంచి వచ్చేయండి. నాలుగు నట్లూ కొంచెం కొంచెంగా, అడ్డంగా మార్చి మార్చి బిగించాలి. 100 కి.మీ. తిరిగాక ఒకసారి, 500 కి.మీ. తిరిగాక ఇంకోసారి మళ్లీ బిగించాలి. కొత్త యూ బోల్టులు సర్దుకునేటప్పుడు తప్పకుండా వదులవుతాయి.

షాకబ్జర్ కింది కొన ఎక్కడ పట్టుకుందో చూడండి. కట్ట కింది ప్లేటుకే ఉంటే దాని పొడవు మారదు. యాక్సిల్‌కే ఉంటే 25 మి.మీ. ముడుచుకుంటుంది. అప్పుడు స్టాపర్ తగిలేలోపే షాకబ్జర్ అడుగంటుతుందేమో కొలిచి చూసుకోవాలి. యాక్సిల్ మీదుగా పోయే సైలెన్సర్ పైపు, బ్రేకు హోస్, హ్యాండ్ బ్రేక్ తీగ కూడా చూడండి. యాక్సిల్ స్టాపర్ దాకా లేచినా ఇవేవీ నలగకూడదు. స్టాపర్ రబ్బరును చోటు కోసం పీకేసేవాళ్లు ఉన్నారు. అది లేకపోతే ఇనుము వచ్చి ఇనుమును కొడుతుంది, పాత బాడీ అక్కడే చీలుతుంది.

దిమ్మె ఇష్టం లేకపోతే, అవే దుకాణాల్లో కట్ట విప్పి ప్రతి పట్టీ వంపునూ చల్లగానే, సుత్తితోనో ప్రెస్‌తోనో కొంచెం తగ్గిస్తారు. కొలిమిలో పెడితే మళ్లీ పానం పట్టాలి, అది అందరికీ కుదిరే పని కాదు. మీకు మాత్రం దిమ్మే మేలు, ఎప్పుడైనా తీసేయొచ్చు.

ముందు వైపు పని ఓపికతో చేయాలి. ఈ పని షెడ్డులోనే, స్ప్రింగు కంప్రెసర్‌తోనే జరగాలి. బిగించి ఉన్న స్ప్రింగు జారితే మనిషిని చంపేంత బలం దానిలో ఉంటుంది. బయటికి తీశాక స్ప్రింగు కొస చూడండి. చుట్టు చివర పక్క చుట్టును ఆనుకుని, చదునుగా అరగదీసి ఉంటే ఆ కొస కోయకూడదు. కోస్తే సీటు మీద ఒరిగి నిలబడుతుంది. రెండు కొసలూ అలాంటివే అయితే కోత ఆలోచన మానేసి, స్ప్రింగులు చేసేవాళ్ల దగ్గర అదే తీగ మందంతో, తక్కువ ఎత్తుతో కొత్త జత చేయించుకోవాలి. అందుకు డబ్బు చాలకపోతే ఆగండి. కొస తెరిచి ఉండి, సీటు కూడా ఆ మెలికకు తగ్గట్టు ఉంటే, ఆ కొస దగ్గర కోయొచ్చు.

ఎంత కోయాలో మొదట్లో చెప్పిన లెక్కతో తేల్చండి. ఆ ఉదాహరణలో చక్రం దగ్గర 25 మి.మీ. దిగాలంటే స్ప్రింగు దగ్గర 12.5 చాలు, అంటే సగం చుట్టు కూడా కాదు. మొదట పావు చుట్టే కోయండి. గ్రైండర్‌కు సన్న కటింగ్ వీల్ పెట్టి, పక్కన తడిగుడ్డ చుట్టి, ఆగి ఆగి కోయాలి. చేతితో ముట్టుకోలేనంత వేడెక్కకూడదు. రెండో స్ప్రింగు కూడా అంతే కోసి, అంచు అరగదీసి, కొస సీటులోని అడ్డుకు ఆనేలా బిగించి, బండి దించి, తోసి కొలవండి. చాలకపోతే అంగుళం దాటకుండా ఇంకొంచెం. ఎక్కువ కోస్తే అతికించే దారి లేదు. అందుకే దొరికితే ఇంకో పాత జత కొని వాటి మీద కోయించండి, మీ నాయిన బండివి జాగ్రత్తగా దాచండి.

బిగించాక జాకీతో ముందు భాగం ఎత్తి చక్రాలు పూర్తిగా వేలాడనివ్వండి. అప్పుడు కూడా స్ప్రింగు బిగువుగానే ఉండాలి. చేత్తో తిప్పితే తిరుగుతోందంటే, లోతు గుంతలో చక్రం వేలాడినప్పుడు అది సీటు తప్పుతుంది. అలా ఉంటే బండిని రోడ్డు మీదికి తేకండి. తరువాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు, మారుతుంది. పట్టించుకోకపోతే కొత్త టైరు లోపలి అంచు అరిగి దారాలు తేలుతాయి. స్టీరింగు రాడ్లు కూడా వాలిపోతాయి కనుక గుంతలో బండి పక్కకు లాగొచ్చు. ఒక అంగుళానికి ఆ లాగుడు అంతగా తెలియదు. రెండంగుళాలకు చేతిలో తెలుస్తుంది.

చిన్న టైర్లు వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. 165/80 ఆర్14 టైరు ఎత్తు 620 మి.మీ., 165/65 ఆర్14 ఎత్తు 570. తేడాలో సగం, అంటే 25 మి.మీ. బండి దిగుతుంది. స్ప్రింగులు కదిలే చోటు తగ్గదు. కానీ మడ్‌గార్డ్ కింద ఖాళీ ఇంకా పెద్దగా కనిపిస్తుంది, గుంత దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. మీటరు 60 చూపిస్తే అసలు వేగం 55 ఉంటుంది. మీకు కావలసిన అందం దీనితో రాదు. రెండు పనులూ కలిపి మాత్రం అసలే చేయకండి.

చట్టం సంగతి కూడా డబ్బు ఖర్చు పెట్టకముందే తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పదిహేనేళ్లు దాటిన మీ బండి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవలసిందే. అందుకే ముందు ఆర్టీఏ ఆఫీసులో ఇన్స్పెక్టర్‌ను అడిగి, సరేనంటే రాతపూర్వకంగా తీసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా చెప్పండి. కుదరదంటే కొత్త షాకబ్జర్లు, బుష్‌లు, కంపెనీ ఎత్తు, అంతవరకే ఆగండి. ఆ డబ్బు వృథా కాదు.

అన్నీ అయ్యాక మొదటి వారం ఒక పరీక్ష చేయండి. నాలుగు స్టాపర్ల కొసలకు తడి సున్నం రాసి ఆరనివ్వండి. మామూలుగా డ్యూటీకి తిరగండి, ఆదివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఐనవోలు దాకా పోయి రండి. వచ్చాక సున్నం చెదరకుండా ఉంటే ఆ ఎత్తు మీ దారికి సరిపోయినట్టే. ఒకటి రెండు చోట్ల కొంచెం రాలితే పర్వాలేదు. మొత్తం చెక్కుకుపోయి రబ్బరు మెరుస్తుంటే, వెనుకైతే 25 దిమ్మె తీసి 15 పెట్టించండి, ముందైతే దాచిన పాత స్ప్రింగులు తిరిగి వేయించండి.